గుర్తు లేని అంకె

రాత్రి పదకొండు దాటింది. సొహార్ తీరాన
ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే ప్లాంటులో
రెండో అంతస్తు గది.
లోపలి ఏసీకి అద్దం బయటివైపు చెమటలు పడుతోంది.
నేను, చల్లారిన సులేమానీ,
నాలుగు వందల వరుసల స్క్రిప్టు.

రాసినవాడు లేడు.
వీసా అయిపోయిందో, దోహాలో మంచి జీతం దొరికిందో,
ఫైలు నెత్తిన పేరొక్కటే మిగిలింది: రువన్.
అది చేసే పని చిన్నదే.
హెడర్ ఫైళ్లు చదువుతుంది,
చదివినదానికి ఒళ్లు కట్టి కోడ్ పుట్టిస్తుంది.

హెడర్‌లో ఏముంటుంది,
పెళ్లిపత్రికలో ఉన్నంత.
ఎవరు, ఎవరి తాలూకు, ఎన్ని గంటలకు.
కాపురం సంగతి అందులో ఉండదు.
ఈ స్క్రిప్టు పత్రిక చూసి కాపురమంతా రాసేస్తుంది,
పదకొండు సెకన్లలో
ఎనిమిది వేల వరుసలు,
పైన ఒక హెచ్చరిక:
ఇది యంత్రం రాసింది, చేత్తో దిద్దకండి.

పుట్టిన కోడ్‌ను ఎవరూ చదవరు.
పుట్టించేదాన్ని చదవమని
నన్ను కూర్చోబెట్టారు.

నూట ముప్పయ్యో వరుసలో ఆగాను.
రెండు ఏటవాలు గీతల తర్వాత ఏ మాటున్నా
చెత్త కింద లెక్క, ఊడ్చెయ్.
దాని కిందే ఇంకోటి.
అంకె అని కనబడితే చాలు
గుర్తుందా అని అడగదు,
అన్నిటికీ ఒకే డబ్బా, గుర్తు లేని అంకెల డబ్బా.

ఇక్కడ గుర్తంటే
సున్నకు కిందున్నానని చెప్పే చిన్న అడ్డగీత.
అంతే, ఇంకేం కాదు
అని రెండుసార్లు అనుకున్నాను.

గుర్తు లేని డబ్బాలో మైనస్ ఒకటి వేసి చూడండి.
అరవై ఐదు వేల ఐదు వందల ముప్పై ఐదు
అయి కూర్చుంటుంది.
ఒక్కదాన్నే నవ్వుకున్నాను.
ఈ లెక్కన మెస్సులో రియాల్ బాకీ ఉన్నవాడు
పొద్దుటికల్లా షేక్.

నవ్వు ఆపింది మూడో పంపు.
హెడర్‌లో దాని పేరు పక్కన
స్క్రిప్టు ఊడ్చేసిన మాట ఒకటి ఉంది:
పాటు నీళ్లప్పుడు ఒత్తిడి మైనస్‌లోకి పోతుంది,
రాజేశాన్ని అడగండి.

ఫోన్ చేసి అడిగాను.

అవునమ్మా, సముద్రం ఎనుకకు పోయినప్పుడు
మూడో పంపు ఊపిరి గుంజుకుంటది.
గప్పుడు స్క్రీన్ మీద పిచ్చి అంకె లేస్తది.
మేం దాన్ని నమ్మం.
కిందికి దిగి చేతిగేజీ చూసి
బుక్కుల రాసుకుంటం.

ఎన్నాళ్ల నుంచి?

మూడు రంజాన్లు అయినయ్.

మూడు రంజాన్లుగా
పదకొండు సెకన్ల తప్పును
జగిత్యాల మనిషి ఒకడు
టార్చిలైటుతో ఇనప మెట్లు దిగి
పెన్సిల్‌తో దిద్దుతున్నాడు.
చేత్తో దిద్దకండి అన్న మాట
అతనికెవరూ చదివి చెప్పలేదు.

నా అభిప్రాయం రాశాను.
పక్కన రాసిన మాటను పారేయకండి,
పుట్టే కోడ్‌లోకి దాన్నీ వెళ్లనివ్వండి.
గుర్తు ఉన్నవాటిని గుర్తుతోనే తీసుకోండి.
తర్వాత రాజేశం పేరు రాసి, చెరిపి,
మళ్లీ రాశాను.
ఒప్పుకోలు మీట నొక్కలేదు.

నాలుగింటికి తనే చేశాడు.
నీళ్లు బాగా ఎనుకకు పోయినయమ్మా,
నీ దగ్గర ఎంత చూపెడుతుంది?

చదివాను.
అరవై ఐదు వేల
ఐదు వందల
ముప్పై రెండు.

అటువైపు మోటార్ల హోరులో
కాగితం తిరగేసిన చప్పుడు.
మైనస్ నాలుగు
అన్నాడు, రాసుకుంటూ.